గట్టిపడే అవయవాలు: మందులు ఎందాకా వచ్చాయి?

అరవై దాటిన మనిషి రెండంతస్తులు ఎక్కి ఆయాసపడితే ఇంట్లోవాళ్లు పెద్దగా పట్టించుకోరు. "వయసు మీద పడింది కదమ్మా, ఆ మాత్రం ఆయాసం ఉండదూ" అని ఆ పెద్దాయనే కోడలికి సర్దిచెబుతాడు. పొడిదగ్గు తోడైతే సిరప్పు తెస్తారు. తగ్గకపోతే ఎక్స్‌రే తీస్తారు. అందులో మచ్చ కనిపిస్తే క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడించిన సందర్భాలు మన దగ్గర అరుదేమీ కాదు. చివరికి ఎవరో ఒక డాక్టరు వీపు కిందిభాగంలో స్టెతస్కోపు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటారు. ఊపిరి లోపలికి వెళ్లే చివరి క్షణంలో వెల్క్రో పట్టీ విప్పినట్టు చిటపట చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు సీటీ స్కాన్, అందులో ఊపిరితిత్తుల అడుగున వరసలు వరసలుగా చిన్న చిన్న తిత్తులు, వాటి మధ్య గట్టిపడిన కణజాలం. రోగం పేరు ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, పొట్టిగా ఐపీఎఫ్. మందు లేకపోతే రోగం తేలిన నాటి నుంచి సగం మంది మూడు నుంచి ఐదేళ్లలోపే పోతారు. చాలా క్యాన్సర్లకంటే ఇది కఠినమైన లెక్క.

ఫైబ్రోసిస్, అంటే కణజాలం మచ్చకట్టి గట్టిపడటం, ఊపిరితిత్తులకే పరిమితం కాదు. కాలేయం, మూత్రపిండాలు, గుండె, అరచేతి చర్మం కింది పొర, చివరికి అండాశయం కూడా వయసుతో పాటు ఇలా గట్టిపడుతుంది. దీన్ని ఆపే మందు ఉందా, వెనక్కి తిప్పే మందు ఉందా అన్నది గత ముప్పై ఏళ్లుగా వైద్యశాస్త్రం ముందున్న పెద్ద ప్రశ్న. నెమ్మదింపజేసే మందులు కొన్ని దొరికాయి. వెనక్కి మళ్లిన గట్టి ఉదాహరణలు కాలేయంలో ఉన్నాయి. మిగతా అవయవాల దగ్గర మచ్చ ఎలా పడుతుందో తెలుసుకోవడానికి పెట్టిన శ్రమలో నాలుగో వంతు కూడా, పడిన మచ్చ ముసలి ఒంట్లో ఎందుకు కరగడం లేదో తెలుసుకోవడానికి పెట్టలేదని నా నమ్మకం. అది ఎందుకో ఈ మందుల చరిత్రే చెబుతుంది.

మచ్చ పడటం నిజానికి గాయం మానే క్రమంలో ఒక మెట్టు. దెబ్బ తగిలిన చోటికి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు చేరి కొలాజెన్ పోగులు అల్లుతాయి. వాటిలో కొన్ని కండరంలా ముడుచుకునే శక్తి తెచ్చుకుని గాయం అంచుల్ని దగ్గరికి లాగుతాయి. 1971లో జూలియో గబ్బియాని బృందం మానుతున్న గాయాల్లో వీటిని గుర్తించింది. ఇప్పుడు వీటిని మయోఫైబ్రోబ్లాస్టులంటున్నాం. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీను వీటికి ప్రధానమైన ఆజ్ఞ. పని అయ్యాక ఇవి చచ్చిపోవాలి, లేదా మామూలు కణాలుగా మారిపోవాలి. మిగిలిన కొలాజెన్‌ను ఎంజైములు తెంచి, మాక్రోఫేజులనే రక్షణ కణాలు మింగి, ఆ చోటును శుభ్రం చేయాలి. ఈ చివరి ఘట్టం జరగకపోతే మచ్చ నిలిచిపోతుంది.

వయసు అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. 2014లో లూయీస్ హెకర్, విక్టర్ థన్నికల్ బృందం ప్రచురించిన ఎలుకల ప్రయోగం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. రెండు నెలల ఎలుకలకు, పద్దెనిమిది నెలల ముసలి ఎలుకలకు బ్లియోమైసిన్ అనే మందు ఇచ్చి ఊపిరితిత్తుల్లో గాయం చేశారు. మూడు వారాలకు రెండు గుంపుల్లోనూ మచ్చ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంది. తేడా ఆ తర్వాత తేలింది. నెలలు గడిచేకొద్దీ చిన్న ఎలుకల్లో మచ్చ కరిగిపోయింది, ముసలివాటిలో అలాగే ఉండిపోయింది. వాటి మయోఫైబ్రోబ్లాస్టులు చావకుండా మొండికేశాయి. కారణం వెతికితే, ఆక్సీకరణ ఒత్తిడి పుట్టించే నాక్స్4 అనే ఎంజైము పెరిగిపోయి, దాన్ని అదుపు చేయాల్సిన ఎన్‌ఆర్‌ఎఫ్2 వ్యవస్థ చతికిలబడి ఉంది. నాక్స్4ను అడ్డుకునే మందు ఇస్తే ముసలి ఎలుకల్లో కూడా మచ్చ తగ్గడం మొదలైంది. అంటే ముసలితనంలో మచ్చ ఎక్కువ పడటం కంటే, పడింది పోకపోవడమే అసలు చిక్కు.

ఈ సంగతి తెలియక ముందు చేసిన వైద్యం ఎలా ఉండేదో చెప్పుకోవాలి. ఐపీఎఫ్ అంటే వాపు రోగమని దశాబ్దాలపాటు నమ్మారు. అందుకే ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్, దానికి తోడు అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చేవారు. అమెరికాలో పాంథర్ అనే పరీక్షలో ఈ మూడింటినీ ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. 2011లో దాన్ని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. మూడు మందులూ వాడినవారిలో ఎనిమిది మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఒక్కరే చనిపోయారు. ఆసుపత్రిలో చేరినవారు అటు 23 మంది, ఇటు ఏడుగురు. ప్రపంచమంతా మంచిదనుకుని ఇస్తున్న వైద్యమే ప్రాణాలు తీస్తోందని ఆ పరీక్ష పుణ్యమా అని తెలిసింది. అది జరగకపోయి ఉంటే ఇంకెన్నేళ్లు అలాగే సాగేదో తలుచుకుంటే భయమేస్తుంది.

ఆ తర్వాత వచ్చినవే ఇప్పటికీ ఆధారంగా నిలిచిన రెండు మందులు. పిర్ఫెనిడోన్‌కు జపాన్ 2008లో అనుమతి ఇచ్చింది, యూరప్ 2011లో. అమెరికాలో 2014 అక్టోబరులో పిర్ఫెనిడోన్‌కూ నింటెడానిబ్‌కూ ఒకే రోజున అనుమతి వచ్చింది. పిర్ఫెనిడోన్ కచ్చితంగా ఏ తలుపు మూస్తుందో ఈనాటికీ పూర్తిగా తేలలేదు. నింటెడానిబ్ మాత్రం ఫైబ్రోబ్లాస్టులను రెచ్చగొట్టే మూడు రకాల గ్రాహకాలను అడ్డుకుంటుంది.

ఫలితం కొలిచే కొలబద్ద ఎఫ్‌వీసీ. గుండెల నిండా పీల్చి ఒక్కసారిగా ఊదితే బయటికొచ్చే గాలి ఎంతో అది చెబుతుంది. ఆరోగ్యవంతులకూ వయసుతో ఏటా పాతిక, ముప్పై మిల్లీలీటర్లు తగ్గుతుంది. 2014లో వచ్చిన నింటెడానిబ్ పరీక్షల్లో ఒకదానిలో ఉత్తుత్తి మాత్ర వాడిన ఐపీఎఫ్ రోగులకు ఏడాదిలో దాదాపు 240 మిల్లీలీటర్లు పడిపోతే, మందు వాడినవారికి 115 పడిపోయింది. అదే ఏడాది వచ్చిన పిర్ఫెనిడోన్ పరీక్షలో, ఏడాదిలో ఊపిరి సామర్థ్యం పదో వంతు పైగా కోల్పోయినవారు లేదా చనిపోయినవారు ఉత్తుత్తి మాత్ర గుంపులో 31.8 శాతం, మందు గుంపులో 16.5 శాతం. రోగం వేగం ఇంచుమించు సగానికి తగ్గింది, కానీ ఆగలేదు. పోయిన ఊపిరి ఒక్క చెంచాడు కూడా తిరిగి రాలేదు.

పైగా ఈ సగం మేలు ఊరికే రాదు. పిర్ఫెనిడోన్ రోజుకు మూడు పూటలా వేసుకోవాలి, అన్నం తిన్నాకే వేసుకోవాలి. అయినా వికారం, ఆకలి చచ్చిపోవడం ఉంటాయి. ఎండ తగిలితే చర్మం కందిపోతుంది, కాబట్టి మే నెలలో మన ఊళ్లలో పొద్దున్న ఎనిమిది దాటాక గడప దాటకూడదు. పొలానికి వెళ్లే మనిషికి ఇది చెప్పడం తేలిక, ఆయన పాటించడం కష్టం. నింటెడానిబ్ రెండు పూటలే, కానీ వాడేవారిలో అరవై శాతానికి పైగా విరేచనాలు పట్టుకుంటాయి. లోపెరమైడ్ మాత్రలు పక్కనే పెట్టుకుని, పెళ్లికి వెళ్లాలన్నా బస్సెక్కాలన్నా ముందే లెక్క వేసుకోవాలి. రెండింటికీ కాలేయ పరీక్షలు తప్పవు. మన దేశంలో రెండిటికీ జనరిక్‌లు ఉన్నాయి కాబట్టి ధర కొంత దిగింది. అయినా జీవితాంతం వాడాల్సిన మందు, వాడినా ఒంట్లో తేడా తెలియని మందు. "తగ్గనప్పుడు ఎందుకు బాబూ" అని రోగి అడిగితే, వాడకపోతే ఊపిరి ఇంకా త్వరగా తగ్గిపోతుందన్న సమాధానం ఆయన మనసుకు ఎక్కదు. ఆ మాట ఓపిగ్గా కూర్చుని చెప్పడం కూడా వైద్యమే.

ఈ రెండింటి వెనక ఓడిపోయిన మందుల వరస చాలా పొడవు. ఇంటర్‌ఫెరాన్ గామా 2009లోనే తేలిపోయింది. కొలాజెన్ పోగుల్ని ఒకదానికొకటి కట్టేసే ఎంజైమును అడ్డుకునే సిమ్టుజుమాబ్ ఊపిరితిత్తుల్లోనూ పనిచేయలేదు, కాలేయంలోనూ పనిచేయలేదు. ఆటోటాక్సిన్ అనే ఎంజైమును ఆపే జిరిటాక్సెస్టాట్ పరీక్షను 2021లో నిలిపేశారు. పామ్రెవ్లుమాబ్ రెండో దశలో ఆశలు రేపి, 2023లో మూడో దశలో కూలిపోయింది. జిన్‌పెంట్రాక్సిన్ ఆల్ఫా కథా అంతే. టీజీఎఫ్-బీటాను నిద్రలేపే ఇంటిగ్రిన్లను అడ్డుకునే బెక్సోటెగ్రాస్ట్ మీద ఈ రంగంలో చాలామంది ఆశ పెట్టుకున్నారు. 2025 ఆరంభంలో భద్రతను పర్యవేక్షించే కమిటీ సూచనతో దాని పరీక్షా ఆగింది.

ఇన్ని ఎందుకు ఓడాయి? ఒక కారణం ప్రయోగశాలలోనే ఉంది. మందుల్ని తొలుత పరీక్షించేది ఎక్కువగా రెండు మూడు నెలల వయసున్న ఎలుకల మీద, బ్లియోమైసిన్‌తో చేసిన గాయం మీద. ఆ మచ్చ మందు లేకపోయినా దానంతటదే కరుగుతుంది. రోగులు చూస్తే డెబ్బైకి దగ్గరపడ్డవారు, వాళ్లలో కరిగే శక్తే లేదు. పడుచు ఎలుకలో నెగ్గిన మందు ముసలి మనిషిలో ఓడితే ఆశ్చర్యపడాల్సింది ఏముంది? ఇంకో కారణం టీజీఎఫ్-బీటాయే. అది మచ్చకు మాత్రమే ఆజ్ఞ ఇచ్చేది కాదు, కణాలు అదుపు తప్పకుండా కాపలా కూడా కాస్తుంది. దాన్ని ఒళ్లంతా అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చినప్పుడు కొందరిలో చర్మం మీద గడ్డలు లేచాయి. మూడోది కాలం. సీటీలో తిత్తులు కట్టే నాటికి గాలితిత్తుల గోడలే లేకుండా పోతాయి. అప్పుడు మచ్చను కరిగించినా కింద మిగిలేదేమిటి?

అలాగని ఆగిపోలేదు. పదేళ్లకు పైబడిన నిరీక్షణ తర్వాత 2025లో నెరాండొమిలాస్ట్ అనే కొత్త మాత్రకు అమెరికా అనుమతి ఇచ్చింది. 1,177 మందితో చేసిన పరీక్షలో ఏడాదికి ఉత్తుత్తి మాత్ర వాడినవారి ఎఫ్‌వీసీ 183 మిల్లీలీటర్లు పడిపోతే, పెద్ద మోతాదు వాడినవారికి 115 పడింది. ఇందులో చాలామంది అప్పటికే పాత మందుల్లో ఒకటి వాడుతున్నారు, కాబట్టి ఈ మేలు దాని మీద అదనం. పిర్ఫెనిడోన్‌తో కలిపినప్పుడు మాత్రం చిన్న మోతాదు దాదాపు పనిచేయలేదు, ఎందుకంటే పిర్ఫెనిడోన్ దాని మోతాదును రక్తంలో తగ్గించేస్తుంది. ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడే ట్రెప్రోస్టినిల్‌ను పీల్చే రూపంలో ఇచ్చిన పరీక్ష కూడా 2025లో మంచి ఫలితం చూపింది. కృత్రిమ మేధ సాయంతో రూపొందించిన రెంటోసెర్టిబ్ చైనాలో 71 మందిపై పన్నెండు వారాల పరీక్షలో ఎఫ్‌వీసీని కొంచెం పెంచింది. పత్రికలు దీన్ని ఆకాశానికెత్తాయి. డెబ్భై మంది, మూడు నెలలు అన్నది మరిచిపోకూడదు. పామ్రెవ్లుమాబ్ కూడా ఈ మెట్టు దాకా నవ్వుతూనే వచ్చింది.

కాలేయం దగ్గరికి వస్తే కథ మారుతుంది. సిర్రోసిస్ వస్తే ఇక వెనక్కి రాదని వైద్య విద్యార్థులకు పాఠం చెప్పిన రోజులుండేవి. హెపటైటిస్-బి రోగులకు టెనోఫోవిర్ ఐదేళ్లు ఇచ్చి, ముందూ వెనకా కాలేయం ముక్క తీసి చూసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి ఐదేళ్ల తర్వాత ఆ దశ లేదు. టెనోఫోవిర్‌కు మచ్చతో ఏ సంబంధమూ లేదు, అది వైరస్‌ను మాత్రమే అణిచిపెడుతుంది. రోజూ పడే దెబ్బ ఆగగానే కాలేయం తన మచ్చను తానే తీసేసుకుంది. అయితే కాలేయానికి తనను తాను తిరిగి కట్టుకునే శక్తి ఉంది, ఊపిరితిత్తులకు అంత లేదు. అందుకే ఈ విజయాన్ని అక్కడికి యథాతథంగా మోసుకెళ్లలేం.

కొవ్వు కాలేయంలోనూ అదే దారి. 2024 మార్చిలో అమెరికా అనుమతించిన రెస్మెటిరోమ్ థైరాయిడ్ హార్మోను దారిలో కాలేయంలోని కొవ్వును కరిగిస్తుంది. ఏడాదికి మచ్చ ఒక మెట్టు తగ్గినవారు పెద్ద మోతాదులో 26 శాతం, ఉత్తుత్తి మాత్రలో 14 శాతం. షుగరుకూ బరువుకూ వాడే సెమాగ్లుటైడ్‌తో 72 వారాలకు ఈ లెక్క 37, 22. మన దేశంలో తయారైన సారోగ్లిటజార్‌కు ఇక్కడ 2020లో అనుమతి వచ్చింది. ఈ అంకెల్లో నన్ను ఆపేది వేరే ఉంది. ఉత్తుత్తి మాత్రతో కూడా 14 నుంచి 22 శాతం మందికి మచ్చ తగ్గిందంటే, పరీక్షలో చేరాక తిండి, నడక మారినందువల్ల కొంత, బయాప్సీలో సూది ఎక్కడ పడిందన్న అదృష్టం వల్ల కొంత అయి ఉంటుంది. ముక్క చదవడంలో ఇద్దరు నిపుణులు ఏకీభవించకపోవడమూ ఉంది. ఫైబ్రోస్కాన్ లాంటి సూది లేని కొలతలు మెరుగైతే ఈ పరీక్షల విలువ పెరుగుతుంది.

మూత్రపిండాల్లోనూ గుండెలోనూ ఇప్పుడు పనికొస్తున్న మందులేవీ మచ్చ కోసం పుట్టినవి కావు. బీపీకి వాడే ఏసీఈ నిరోధకాలు, షుగరుకు వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. ఆల్డోస్టెరోన్ హార్మోను దారిని మూసే ఫినరెనోన్‌కు షుగరు కిడ్నీ రోగంలో 2021లో అనుమతి వచ్చింది. 2024లో ఆరు వేల మందితో చేసిన పరీక్షలో గుండె పూర్తిగా బలహీనపడని, కానీ గట్టిపడి సరిగా నిండని రకం వైఫల్యంలోనూ అది మేలు చేసింది. ముసలివాళ్లలో గుండె వైఫల్యం ఎక్కువగా ఈ రకమే. పిర్ఫెనిడోన్‌నే 94 మంది గుండె రోగులకు ఏడాదిపాటు ఇచ్చి ఎమ్మారైతో కొలిస్తే గుండె కండరంలో మచ్చ స్వల్పంగా తగ్గినట్టు 2021లో తేలింది. చిన్న పరీక్షే అయినా, మచ్చను నేరుగా కొలిచిన పద్ధతి వల్ల దానికి విలువ ఉంది.

ఇక్కడ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రస్తావన తప్పదు. అక్కడి కిడ్నీ రోగం ముసలితనం రోగం కాదు, పొలం పని చేసే నడివయసువారిని పట్టుకుంటుంది. కారణం ఇంకా తేలలేదు. కానీ బయాప్సీలో కనిపించేది మూత్రనాళికల చుట్టూ పేరుకున్న ఈ మచ్చే. ఆ రోగుల మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. డాపాగ్లిఫ్లోజిన్‌పై 2020లో వచ్చిన పెద్ద పరీక్షలో చేరాలంటే మూత్రంలో ఆల్బుమిన్ ఒక హద్దు దాటి ఉండాలి. అంటే ఉద్దానం రోగి లాంటివారు ఆ గడపే దాటలేరు. 2023లో వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్ పరీక్ష ఆ షరతు కొంత సడలించింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టుకున్న రాష్ట్రం, తన రోగుల మీద తనకు కావాల్సిన మందు పరీక్ష తనే చేయించుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక వయసునే లక్ష్యం చేసుకున్న మందులు. విభజన ఆగిపోయినా చావకుండా, చుట్టూ వాపు పుట్టించే రసాయనాలు చిమ్ముతూ కూర్చునే వృద్ధ కణాలను ఏరిపారేయాలన్నది ఒక ఆలోచన. లుకేమియాకు వాడే డాసాటినిబ్‌ను, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్‌ను కలిపి 2019లో పద్నాలుగు మంది ఐపీఎఫ్ రోగులకు మూడు వారాలు ఇచ్చారు. ఆరు నిమిషాల్లో నడిచే దూరం ఇరవై మీటర్లు పెరిగింది, ఎఫ్‌వీసీ మారలేదు. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు. ఆ మాత్రం చూసి క్వెర్సెటిన్ సీసాలు ఆన్‌లైన్‌లో కొని మింగేవారిని ఆపాలి. డాసాటినిబ్ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేర్చగల మందు, సొంతంగా వాడేది కానే కాదు. ఎలుకల ఆయుష్షు పెంచే రాపమైసిన్ మీద కూడా చాలామందికి మోజు ఉంది. దాని సోదరి ఎవరోలిమస్ ఇచ్చిన ఐపీఎఫ్ రోగుల్లో రోగం మరింత వేగంగా ముదిరిందని 2011లో తేలింది. ఆయుష్షు పెంచేదంతా మచ్చను తగ్గిస్తుందన్న లెక్క చెల్లదు.

ఇంటర్‌ల్యూకిన్-11 అనే సంకేత ప్రొటీను సంగతి ఆసక్తి రేపేది. 2024లో స్టువర్ట్ కుక్ బృందం మధ్యవయసు దాటిన, అంటే 75 వారాల ఎలుకలకు దీన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఆయుష్షు మగవాటిలో 22.5, ఆడవాటిలో 25 శాతం పెరిగింది, అవయవాల్లో మచ్చ తగ్గింది. ముసలి జంతువుల మీదే చేశారు కాబట్టి దీనికి ఎక్కువ బరువు ఇస్తాను. మెట్‌ఫార్మిన్ కూడా 2018లో ఎలుకల ఊపిరితిత్తుల్లో పడిన మచ్చను కరిగించింది. మయోఫైబ్రోబ్లాస్టులు చావడానికి సిద్ధపడేలా చేసింది. చవకైన మందు, దశాబ్దాల అనుభవం ఉన్న మందు. మనుషుల్లో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించడానికి ఎవరికీ లాభం లేకపోవడమే దాని దురదృష్టం.

దశాబ్దాల తరబడి చక్కెర అంటుకుని ముడిపడిన కొలాజెన్ మరో సమస్య. ఆ ముడుల్ని తెంచుతుందనుకున్న అలాజెబ్రియం గుండె రోగుల్లో మేలు చూపలేదు. మనిషి కణజాలంలో ఎక్కువగా ఉండే ముడి గ్లూకోసెపేన్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడమే 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో సాధ్యపడింది. తెంచే ఎంజైము వెతకడం ఆ తర్వాతి పని. నేరుగా కొలాజెన్‌ను కోసే మందు ఒకచోట ఉంది. అరచేతిలో తాడులా గట్టిపడి వేళ్లు ముడుచుకుపోయే డుప్యుట్రెన్ రోగానికి కొలాజినేస్ ఇంజెక్షన్‌ను అమెరికా 2010లో అనుమతించింది. చేతిలో తాడు ఎక్కడుందో వేలితో తడిమి పొడవొచ్చు కాబట్టి అది పనిచేస్తుంది. ఊపిరితిత్తిలో అలా పొడిచే చోటు లేదు.

మందు ఏదైనా ముందుగా మొదలుపెట్టగలిగితేనే దానికి పట్టు దొరుకుతుంది. దేశంలోని 27 కేంద్రాల నుంచి ఐపీఎఫ్ కోవకు చెందిన ఊపిరితిత్తుల రోగాలున్న 1,084 మందిని నమోదు చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. వారిలో దాదాపు సగం మందికి రోగం గాలిలోని పదార్థాలు పడకపోవడం వల్ల వచ్చింది, ఆ సగంలో మళ్లీ సగం మంది ఇళ్లలో ఎయిర్‌కూలర్ ఉంది. వేసవి అంతా తడిసి, బూజు పట్టిన కూలర్ గడ్డి పక్కన నిద్రపోవడం ఎంత ప్రమాదమో హైదరాబాద్, విజయవాడల్లో ఎందరికి తెలుసు? ఈ రోగం తొలిదశలో పట్టుబడితే కూలర్ తీసేయడమే మొదటి మందు. ముదిరాక అదీ ఐపీఎఫ్ లాగే గట్టిపడుతుంది, నింటెడానిబ్ దాకా వెళ్తుంది.

వేరే కారణంతో సీటీ తీసినప్పుడు పెద్దవయసువారిలో ఏడు శాతం దాకా మనుషుల ఊపిరితిత్తుల అంచుల్లో చిన్న చిన్న మార్పులు కనిపిస్తాయని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం చూపింది. వారిలో మరణాల రేటు మిగతావారికంటే ఎక్కువ. అందరికీ ఐపీఎఫ్ రాదు, కొందరికి వస్తుంది. ఎంయూసీ5బీ జన్యువులో ఒక తేడా ఉన్నవారికి, క్రోమోజోముల కొసలు పొట్టిగా ఉన్నవారికి, ఇంట్లో ఒకరికి ఇప్పటికే రోగం ఉన్నవారికి ముప్పు ఎక్కువని తెలుసు. గాలితిత్తుల గోడలు ఇంకా నిలిచి ఉన్న ఈ దశలో మందు ఇస్తే మచ్చ ఆగుతుందా, కరుగుతుందా అన్నదానికి పెద్ద పరీక్ష ఏదీ ఇంకా జవాబు ఇవ్వలేదు. అలాంటి పరీక్షకు వేలమంది ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషులు కావాలి, ఐదారేళ్ల ఓపిక కావాలి, విరేచనాలు పట్టించని మందు కావాలి. నెరాండొమిలాస్ట్ పాత మందులకంటే ఒంటికి పడే రకంగా కనిపిస్తోంది కాబట్టి, ఆ పరీక్ష దానితోనే మొదలవ్వొచ్చు.